ముందు ఫోన్ ఎవరికి

ఆ యేడు మిలిటరీ వాళ్ళు మా అన్నకు ముప్పై రోజుల సెలవిచ్చారు. కోరుట్లలో ఆఫీసులన్నీ తమకు తామే నలభై రెండు రోజులు తీసుకున్నాయి. సకల జనుల సమ్మె మరి! తహసీల్దార్ మొదలు అటెండర్ దాకా అందరూ రోడ్డు పక్కన టెంటు కిందికి వచ్చి కూర్చున్నారు. బస్సులు డిపో దాటలేదు. మా బాపు బక్కయ్య మార్కెట్లో హమాలీ. మొయ్యడానికి బస్తాలు లేక, పొద్దున్నే తలకు రుమాలు చుట్టుకుని టెంటుకు పోయి, పొద్దుమూకే దాకా జై తెలంగాణ అని వచ్చేవాడు. నన్ను కన్న అవ్వా, నేనూ మాత్రం ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తూనే ఉన్నాం. మమ్మల్ని సమ్మెకు పిలిచినవాళ్ళు ఎవరూ లేరు.

మా అన్న అరుణ్ సమ్మె మొదలైన పదోనాడు వచ్చాడు. కాజీపేటలో రైలు దిగి, ఉల్లిగడ్డల లారీ ఎక్కి, ఒళ్ళంతా ఉల్లి కంపుతో నల్ల ట్రంకుపెట్టె మోసుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. ఆ పెట్టెలో ఒక కాగితం ఉంది. వాళ్ళ యూనిట్ క్లర్కు ఇచ్చాడట. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఏమవుతారు, ఏమన్నా అయితే ముందు ఫోన్ ఎవరికి చెయ్యాలి, ఇవన్నీ రాసి తహసీల్దార్ ముద్ర వేయించుకుని పోవాలి. సెలవు కాగానే వాళ్ళ యూనిట్ మంచుకొండల మీదికి పోతుంది. పైకి పోయేముందు అందరి కాగితాలూ సరిచేసుకుంటారు.

"ముందుగాల ఫోనంటే నాకే గద. నా నంబరే రాయి," అన్నాడు బాపు.

"రాస్త తియ్యి. గా తహసీల్దార్ టెంటులకెళ్ళి లేవని," అన్నాడు అరుణ్. బాపు మొహంలోకి చూడకుండా బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు.

తెల్లారి సతీశ్ వచ్చాడు. సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. రాత్రంతా ఆ మరమగ్గాల చప్పుడు విని విని కొంచెం గట్టిగా మాట్లాడే అలవాటు. పుట్టింది మా వాడలోనే. తల్లీతండ్రీ పోయాక సిరిసిల్ల చేరాడు. మా అవ్వ తరఫున మేనమామ కొడుకు వరస, నాకు బావ. బస్సులు లేవని డెబ్బై కిలోమీటర్లు ఎవరిదో పాత బండి అడుక్కుని వచ్చాడు. అతనూ అరుణ్ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నడిస్తే, బావబామ్మర్దుల సరసం అని వాడంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

అబద్ధమెందుకు, సతీశ్ అంటే నాకు ఇష్టం. తాగడు. మా ఇంటికి వస్తే కూర్చుని చాయ్ కోసం చూడడు, తనే పొయ్యి ముట్టించి అందరికీ పెట్టేవాడు. కిందటి యేడు అరుణ్‌కు పచ్చకామెర్లయి ఇరవై రోజులు మిలిటరీ దవాఖానాలో పడి ఉంటే ఫోన్ బాపుకు వచ్చింది. సతీశ్‌కు చెప్పాలని మాకెవరికీ తోచలేదు. ఇరవయ్యో రోజు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. గడ్డం పెరిగిపోయి ఉంది. "పుష్పా, అరుణ్ ఉన్నడా?" అన్నాడు. ఇంట్లో ఉన్నాడా అని కాదు, బతికి ఉన్నాడా అని. "ఏం బావా, దోస్తు మీద గింత పానమా!" అని నేను ఆటపట్టించాను. నా తెలివి అంతవరకే.

అందుకే, అరుణ్ వచ్చిన నాలుగోనాడు అవ్వ బువ్వ వడ్డిస్తూ, "పుష్పను సతీశ్‌కు ఇద్దాం," అంటే నవ్వు దాచుకోవడానికి తల వంచుకున్నాను.

బాపు ముద్ద ఆపాడు. "ఇల్లు లేదు, జాగ లేదు. ఏం జూసి ఇస్తవే?"

"పిల్లగాన్ని జూసి ఇస్తున్న," అంది అవ్వ. బాపుకు ఎదురు చెప్పగా నేను ఆమెను చూడటం అదే మొదలు.

"నాక్కూడ మంచిగనే అనిపిస్తుంది బాపూ," అన్నాడు అరుణ్ కంచంలోకి చూస్తూ. పటాలం నుంచి పైసలు పంపే కొడుకు మాట. బాపు కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. మల్లాపూర్ నుంచి మా మేనత్త సాయమ్మను పిలిపించారు. దసరా తెల్లారి పూలు పండ్లు పెట్టుకుందామన్నారు, లగ్గం అన్న మళ్ళీ సెలవు మీద వచ్చినప్పుడు. నేను కార్ఖానాకు బీడీలు అప్పజెప్పి వస్తూ, మూసి ఉన్న గాజుల దుకాణం తలుపు కొట్టి మరీ డజను గాజులు తెచ్చుకున్నాను. సమ్మె ఉంటే నాకేంటి? అంత సంతోషంగా ఉన్నాను.

బతుకమ్మ నడుమ రోజుల్లో పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. లారీలు అటూ ఇటూ ఆగిపోయి ఉంటే నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, పెద్ద పెద్ద బగోనెలు. మా వాడ ఆడవాళ్ళమంతా పోయాం. అవ్వ అన్నం బగోనె దగ్గర నిలబడింది. బాపు ఎగురుకుంటూ వచ్చి నా చెవిలో అన్నాడు: "తహసీల్దార్ సారు ఇక్కడనే వంకాయలు కోస్తున్నడు. మంచిగ మాట్లాడుతున్నడు. ఉరుకు, అన్న పెట్టెలకెళ్ళి గా కాగితం పట్టుకరా. అడిగి జూద్దాం."

అరుణ్ ఎక్కడో డప్పుల దగ్గర ఉన్నాడు. నేను ఉరికాను.

ట్రంకు తాళం వెయ్యలేదు. బట్టల కింద కాగితం. అచ్చులో ఉన్న గడుల్లో పెన్సిల్‌తో రాసి ఉంది. తండ్రి: బక్కయ్య. తల్లి: మల్లవ్వ. చెల్లె: పుష్ప. చెల్లె భర్త: సతీశ్. కింద ఇంకో గడి. ఏమన్నా అయితే ముందు ఎవరికి చెప్పాలి? సతీశ్. పక్కన అతని ఫోన్ నంబర్.

మొదట సిగ్గేసింది. నిజంగా! చెల్లె భర్త అన్న మాట మీద వేలు పెట్టి చూసుకున్నాను. తర్వాత తేదీ చూశాను. సెప్టెంబర్ రెండు. అప్పటికి అన్న ఇంకా పటాలంలోనే ఉన్నాడు. మా ఇంట్లో ఈ సంబంధం మాట ఎత్తింది నెలాఖరుకు. నా పెండ్లి సంగతి నాకంటే ముందు ఆ కాగితానికి తెలుసు.

అయినా, కన్న తండ్రి ఉండగా చెల్లె మొగుడికి ముందు ఫోన్ చెయ్యమని ఎవరు రాస్తారు? ఆ గడినే చూస్తూ కూర్చున్నాను. ఇరవయ్యో రోజు వాకిట్లో నిలబడ్డ సతీశ్ మొహం గుర్తొచ్చింది. దోస్తు కోసం ఎవరూ అట్లా కారు, పెనిమిటి కోసమైతే అవుతారు.

కాగితం ఎక్కడిదక్కడ పెట్టి, రోడ్డు మీదికి పోయి, "దొరకలే బాపూ," అన్నాను. అవ్వ చెయ్యి పట్టుకుని బగోనె వెనక్కి గుంజాను.

"అన్నకు, సతీశ్ బావకు..." ఆ మాట ఎట్లా పూర్తి చెయ్యాలో నాకు తెలియలేదు. "నీకు తెల్సా అవ్వా?"

అవ్వ గంటె వదల్లేదు. పొగకు కళ్ళు చికిలించింది.

"తెల్సు. మూడేండ్ల సంది తెల్సు."

"తెల్సి నన్ను గాయనకిస్తున్నవా!"

"మెల్లగ మాట్లాడు," అంది. "మీ బాపు నన్ను ఎన్నిసార్లు కొట్టిండో నువ్వు సూడలేదా? సతీశ్ తాగడు. చెయ్యెత్తడు. సంపాయించింది నీ చేతుల పెడ్తడు. నాకు గంతే దొరికినా చాలనుకునేదాన్ని బిడ్డా. ఆడు కొండల మీద, ఈడు సిరిసిల్లల. నువ్వు నడుమ ఉంటే ఎవ్వలూ వేలు పెట్టి సూపరు. నా కొడుకు కొలువు నిలవడ్తది."

"నడుమ ఉండి నేనేం జెయ్యాలె?"

అవ్వ అన్నం కలియబెట్టింది. ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ బగోనెను తన్నేద్దామనిపించింది. ఆమె మాత్రం నాకు మేలు చేస్తున్నాననే అనుకుంటోంది. పొగలో నుంచి ఎవరో "ఓ మల్లవ్వా, ఉప్పు సూడు," అని కేకేశారు. ఆమె పోయింది.

మర్నాడు బాపు టెంటుకు, అవ్వ కార్ఖానాకు పోయాక అరుణ్ ముందు కూర్చున్నాను. అతను బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు.

"గా కాగితం జూసిన."

బ్రష్ ఆగిపోయింది.

"దోస్తని రాయి. తప్పేంది?" అన్నాను.

"దోస్తని రాస్తే తీసుకోరు. చుట్టం కావాలె. ఏ చుట్టమో గడిల రాయాలె." గొంతు దించాడు. "అసలు సంగతి తెలిస్తే కొలువు పోతది పుష్పా. బేఇజ్జత్ జేసి ఎళ్ళగొడ్తరు. నాతోటోళ్ళు పెండ్లాలను తీస్కచ్చి క్వార్టర్ల పెట్టుకుంటరు. దవాఖాన కార్డులు చేపిచ్చుకుంటరు. నేను గవేం అడుగుతలేను. ఒక్క ఫోను. నేను పైన మంచుల కూరుకపోతే వానికెవలు చెప్తరు? టీవీల జూస్కోవాల్నా?"

అతని కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. చిన్నప్పుడు నన్ను కుక్క తరిమితే నాకు అడ్డం నిలబడి కరిపించుకున్నవాడు. నాకూ ఏడుపొచ్చింది. ఏడుపు వచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

"ఒక్క ఫోనుకు నా బతుకు మొత్తం ఇయ్యాల్నా?"

"వాడు నిన్ను మంచిగ జూస్కుంటడు."

"థూ! అవ్వ మాటే నువ్వూ చెప్తున్నవ్," అని చాట ఎత్తేశాను. తంబాకు అతని బూట్ల మీద పడింది. అరుణ్ వంగి ఒక్కొక్క పలుకూ ఏరి చాటలో వేశాడు. తంబాకు తక్కువైతే కార్ఖానాలో అవ్వకు కోత పడుతుందని అతనికి తెలుసు.

సద్దుల బతుకమ్మ నాడు అందరితో కలిసి చప్పట్లు కొట్టాను గాని ఏ పాట పాడానో తెలియదు. దసరా నాడు మగవాళ్ళు జమ్మి తెచ్చి అందరి చేతుల్లో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకున్నారు. అరుణ్ నా చేతిలోనూ జమ్మి పెట్టాడు. నేను తీసుకున్నాను, మొహం చూడలేదు. వద్దని చెప్పాలా, చెబితే అన్న ఏమవుతాడు, చెప్పకుంటే నేనేమవుతాను? ఇదే రంధి.

దసరా తెల్లారి సతీశ్ వచ్చాడు. కొత్త అంగీ. వెంట కులపెద్ద గోవర్ధన్, ఇద్దరు చుట్టాలు. చాప మీద పళ్ళెం పెట్టారు. పూలు, పండ్లు, రైకముక్క, కుంకుమ. సాయమ్మత్త నా జడలో పూలు పెట్టి, "పో, నీళ్ళియ్యి," అని ముందుకు తోసింది.

సతీశ్ కాళ్ళు కడుక్కోవడానికి వాకిట్లో గోలెం దగ్గర ఉన్నాడు. చెంబు ఇచ్చాను. పక్కన ఎవరూ లేరు.

"నన్ను జేస్కోని నువ్వు ఎవలతోని ఉంటవ్ బావా?" అన్నాను.

గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు నాకే సరిగా వినిపించలేదు. "నాకు వేరే తొవ్వ దొరకలే పుష్పా. నీ కాళ్ళు మొక్కుత. వద్దని నేనంటే అరుణ్ మీదికి అస్తది. అందరూ ఎందుకంటరు."

"నేనంటే?"

అతను తలెత్తి నన్ను చూశాడు. అట్లా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

లోపల గోవర్ధన్ మామూలుగా అడిగే మాట అడిగాడు. "బిడ్డా పుష్పా, పిల్లగాడు నచ్చినట్టేనా?" ఆ మాటకు మా దగ్గర ఏ పిల్లా జవాబు చెప్పదు. తల వంచుకుంటే చాలు, అవునని లెక్క. గోవర్ధన్ నా వంక చూడకుండానే పళ్ళెం ఎత్తుతున్నాడు.

"నచ్చలే," అన్నాను.

పళ్ళెం గాలిలోనే ఆగింది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అరుణ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు లేదు. నేనేం చెప్పబోతున్నానో అని అతనికి భయం. నిజం చెబితే ఒక్క మాటలో అయిపోయేది.

"సాంచెలు నడిపేటోడు నాకొద్దు. కొలువున్నోడు కావాలె," అన్నాను.

బాపు లేచి వచ్చి చెంప మీద కొట్టాడు. కొత్త గాజులు రెండు పగిలాయి. "బీడీలు జేసే మొహానికి కొలువున్నోడు గావాల్నా!" అన్నాడు. సాయమ్మత్త దేవుళ్ళందరినీ పిలిచి తిట్టింది. సతీశ్ లేచి బాపుకు అడ్డం వచ్చాడు. "పిల్లకు ఇష్టం లేంది జెయ్యద్దు మామా. కొట్టకు," అని, చెప్పులు వేసుకుని బండి దగ్గరికి పోయాడు. అతని వెంట వచ్చినవాళ్ళు పళ్ళెం మూట గట్టుకుని పోయారు.

మూడు రోజుల్లో ఆ మాట మల్లాపూర్ దాటి జగిత్యాల దాకా పోయింది. బక్కయ్య బిడ్డకు పొగరు. పేదోణ్ణి ఇంటికి పిలిచి అవమానం జేసింది. తర్వాత నాలుగేళ్ళు నాకు సంబంధం రాలేదు. అననీ! నా బతుకు నా చేతిలో మిగిలింది. కాని ఆ రోజు రాత్రి బువ్వ తినలేకపోయాను. నేను గెలిచినట్టు నాకు ఎక్కడా అనిపించలేదు.

అరుణ్ పోయేనాటికి బస్సులు తిరగడం మొదలైంది, ఆఫీసులు ఇంకా తెరవలేదు. ముద్ర లేకుండానే కాగితం పట్టుకుపోవాలి. పొద్దున్నే ట్రంకు సర్దుకుంటూ పెన్సిల్ రాతలు రబ్బరుతో తుడిచేశాడు. చెల్లె భర్త అన్న గడి ఖాళీ అయింది. కింది గడిలో బాపు పేరు రాయబోయాడు.

"నా పేరు రాయి," అన్నాను. "నా నంబరు రాయి. నేను చెప్త."

"ముందుగాల వానికా?"

"ముందుగాల గాయనకే. ఎనుక అవ్వకు, బాపుకు."

"నేను నీకు గింత జేస్తే..." అని ఏదో అనబోయాడు.

"జేసినవ్. నేను మర్వ. నువ్వైతే రాయి."

పెన్నుతో రాశాడు. చెల్లె, పుష్ప. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను చేతులు విడిపించుకోలేదు. అతని మీద కోపం మాత్రం పోలేదు. రెండూ నిజమే.

కార్తీకంలో, దీపావళి అయి పది రోజులకు, బీడీలకు దారం చుడుతుంటే ఫోన్ మోగింది. అవతల హిందీ. మిలిటరీ బండి లోయలో పడింది. నలుగురు పోయారు. నాయక్ అరుణ్ బతికే ఉన్నాడు. నడుము, కుడి కాలు. ఫోన్ పెట్టేశాను. పక్కనే అవ్వ, "ఎవలే?" అంటోంది. ఆమెను ఆగమని చెయ్యి చూపించి సతీశ్‌కు ఫోన్ చేశాను. పూలు పండ్లు చెడిపోయిన తర్వాత అతనితో మాట్లాడటం అదే మొదలు. అవతల సాంచెల చప్పుడు. "బావా, అరుణ్ ఉన్నడు. ఉన్నడు, ముందుగాల గది విను," అని అరిచాను. మిగిలింది తర్వాత చెప్పాను. ఆ తర్వాతే అవ్వ వైపు తిరిగాను. ఆమెకు అంతా అర్థమైంది. ఎందుకు ముందు అతనికి చెప్పావని అడగలేదు.

ఆపరేషన్ అయ్యాక, ఇంటికి దగ్గరని సికింద్రాబాద్‌లో మిలిటరీ దవాఖానాకు తెచ్చారు. అవ్వా బాపూ ముందు పోయి చూసి వచ్చారు. ఆదివారం నేను బయలుదేరాను. సతీశ్ సిరిసిల్ల నుంచి వచ్చి జూబ్లీ బస్టాండులో నిలబడి ఉన్నాడు. చేతిలో బత్తాయిల సంచి. ఇద్దరం కలిసి దవాఖానాకు పోయాం.

గేటు దగ్గర బల్ల, పెద్ద రిజిస్టరు. జవాను నా గుర్తింపు కార్డు చూసి, బహన్ అని రాసుకున్నాడు. సతీశ్ వైపు తిరిగాడు.

"ఆప్ కౌన్?"

"దోస్త్," అన్నాడు సతీశ్.

"దోస్త్ కో పాస్ నహీ. సిర్ఫ్ ఫ్యామిలీ." జవాను పెన్ను పక్కన పెట్టాడు. వెనక వరుసలో వాళ్ళు ముందుకు తోస్తున్నారు. సతీశ్ తిరగడానికి ఒక అడుగు వెనక్కి వేశాడు. బత్తాయిల సంచి నాకు ఇవ్వబోయాడు.

"మా ఆయన," అన్నాను.

జవాను నన్ను చూశాడు. నా మెడ చూశాడు. నేను చలికి కప్పుకున్న శాలువాను పుస్తెలు లేని మెడ మీదికి లాక్కున్నాను. అతను అడుగుతాడనుకున్నాను. అడగలేదు. పెన్ను తీసి, చెల్లె భర్త అన్నట్టు జీజా అని రాసి, రెండు పాసులు చించి ఇచ్చాడు.

వార్డు తలుపు దాకా పోయి నేను ఆగిపోయాను. "నువ్వు పో," అన్నాను. సతీశ్ లోపలికి పోయాడు. తలుపు మూసుకునే లోపల అరుణ్ గొంతు వినిపించింది. పేరు పిలిచాడు, అంతే. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఒక సిస్టరమ్మ వచ్చి, "మీరూ వెళ్ళండమ్మా, టైమ్ గంటే," అంది. "గంటే గదా, ఆయన్ని ఉండనియ్యండి," అన్నాను.

అరుణ్ అక్కడ పదకొండు వారాలు ఉన్నాడు. ఆ పదకొండు ఆదివారాలు, సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా, నేను సతీశ్ పెండ్లాన్ని.